గుండ్ల భీమన్న చేతిలో ఓడిపోవడం

బతుకంతా ఒకే మనిషి చేతిలో తన్నులు తిన్నాను. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేను ఎగిరి పడని ఊరు తక్కువ. మట్టి అరుగుల మీద పడ్డాను, బల్లలు కలిపి కట్టిన స్టేజీల మీద పడ్డాను, ఒకసారి ఎవరో ఆరబెట్టుకున్న అప్పడాల మీద కూడా పడ్డాను. నన్ను కొట్టిన మనిషి పేరు గుండ్ల భీమన్న. ఊరి బయటి గుండ్లను బంతుల్లా విసిరేవాడు. ఏనుగు అడ్డం వస్తే దాన్ని పక్కకు జరిపి, వీపు నిమిరి, తన దారిన తాను పోయేవాడు. ఆయనకు ఓటమి లేదు, దెబ్బ తగలదు, భయమంటే తెలియదు. అసలు ఆయనే లేడు. మా బాలమణక్క రాసిన నాటకంలో వీరుడాయన. ఆయన మీదికి పోయే కోట దొర వేషం నాది.

ఇప్పుడు వేషం మానేశాను. నాటకాల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు భువనగిరిలో మా ఇంటికి వస్తారు. చాయ్ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "భీమన్ననే గెలుస్తడని అందరికి ఎర్కనే గద సార్. ఇగ చూసుడెందుకు?"

మంచి ప్రశ్నే. దీనికి జవాబు దొరికేసరికి నాకు నడుము నొప్పి పట్టుకుంది. మీరైనా నడుము కాపాడుకుంటారని రాస్తున్నాను.

వేషాలు పంచిన రోజు

భువనగిరి గుట్ట కింద మా అబ్బాకు గాజుల దుకాణం ఉండేది. నాది చిన్నప్పటి నుంచీ భారీ శరీరం. నేను లోపలికి అడుగు పెడితే అరల్లో గాజులు గలగలమనేవి. "నువ్వు బయటనే ఉండురా యాకూబ్. ఆడోళ్లు వేసుకునెటియి తక్కువ, నువ్వు పలగ్గొట్టెటియి ఎక్కువైతున్నయి" అనేవాడు అబ్బా. గాజులమ్మే యోగ్యత లేనివాడికి నాటకాలే దిక్కు. ఎనభైల మొదట్లో బాలమణక్క కంపెనీ మనుషుల కోసం చూస్తోందని విని, బస్సెక్కి నల్గొండ వెళ్లాను.

కంపెనీకి యజమాని బాలమణక్కే. నాటకం రాసేది, ఆడించేది, హార్మోనియం వాయించేది కూడా ఆమే. నాలాగే వేషం కోసం వచ్చినవాళ్లలో లింగయ్య ఉన్నాడు. సన్నటి మనిషి. ఆయాసం జబ్బు. మెట్లెక్కి వచ్చి, తన పేరు చెప్పడానికి కాసేపు ఆగాడు. అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"లింగయ్య భీమన్న. యాకూబ్, నువ్వు దొరవు."

"అక్కా, ఉల్టా చెప్పినవా?"

"సరిగ్గనే చెప్పిన."

"గీ లింగన్న నన్నెట్ల లేపుతడక్కా? నా చెయ్యి లేపుడే కష్టం ఆయనకు."

"ఆయనేం లేపుతడు? ఆయన ముట్టుకుంటడు. ఎగిరేది నువ్వు."

లింగయ్య సిగ్గుపడుతూ నా వైపు చూసి, "జర దయుంచు భాయ్" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడమే నా ఉద్యోగమైంది.

అక్క ఎందుకలా చేసిందో తర్వాత ఒకసారి చెప్పింది. "బలమున్నోడు బలమున్నట్టే కనవడితే సంతల ఎద్దును చూసినట్టుంటది. 'మస్తుగుంది' అని ముందుకు పోతరు. బక్కోడు నిలవడితే ఆగి చూస్తరు." వేషాల పంపకంలో ఇంత తెలివి ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. కోపంలో కూడా అంతే గొప్పది. తాళం తప్పితే హార్మోనియం మీది నుంచి చెయ్యి తీయకుండానే చెప్పు విసిరేది.

నాకు తెలియకూడనిది

మొదటి ఆట దేవరకొండ దగ్గర ఒక పల్లెలో. నేను ప్రాణం పెట్టి నటించాను. భీమన్న ఎదురు రాగానే వణికాను, కళ్లు తేలేశాను, గుటకలు మింగాను. జనం బీడీలు వెలిగించుకుంటూ, పక్కవాళ్లతో వానల గురించి మాట్లాడుకుంటూ చూశారు. నేను పడ్డప్పుడు ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకాయన మాత్రం ఆవలించాడు.

రంగు కడుక్కుంటుంటే అక్క వచ్చి నా ముందు కూర్చుంది.

"ఎందుకు వణికినవ్?"

"భీమన్న గదా అక్కా! గుండ్లు లేపెటోడు. భయమైతది గద?"

"ఆయన గుండ్లు లేపుతడని నీకెవరు చెప్పిన్రు?"

"నాటకంల ఉన్నది గదా."

"నాటకం దొర చదివిండా?" అంది. "గాళ్లందరికి ఎర్కనే. నీ ఒక్కనికే ఎర్కలేదు. గదే రా ఆట. నువ్వు గూడ తెలుసుకుంటే ఇగ గాళ్లకేం మిగిలింది?"

మర్నాడు పక్క ఊళ్లో ఆట. ఈసారి నేను భీమన్నను చీమను చూసినట్టు చూశాను. ఆయన గిన్నెలోని అంబలి లాక్కుని తాగాను. మీసం తుడుచుకున్నాను. "ఈ ఎముకల మూటనా నాకు అడ్డం?" అని విరగబడి నవ్వాను. వెంటనే ఆడవాళ్ల వైపు నుంచి కిచకిచలు మొదలయ్యాయి. నేను ఇంకో మాట పెంచాను. కిచకిచలు కేకలయ్యాయి. నేను ఆయన భుజం మీద చెయ్యి వేయబోయేసరికి ఒక అవ్వ లేచి, రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచింది:

"వద్దు బిడ్డా! వద్దు! ఆయన ఎవరో నీకెర్కలేదు! నీ కాళ్లు మొక్కుత, ఇంటికి వో!"

ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. స్టేజీ మీద లింగయ్య కూడా నవ్వాగక తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను అవ్వ వైపు తిరిగి, "ఏం జేస్తడవ్వా గీయన?" అన్నాను. "అయ్యో కొడుకా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. ఆ రోజు నేను పడితే పిల్లలు బల్లలెక్కి గంతులేశారు.

గెలిచేదెవరో తెలియక చూసే ఆట ఒకటి ఉంటుంది, కాదనను. కానీ తెలిసి చూసే ఆట రుచి వేరు. పండగనాడు బూరెలు ఉంటాయని తెలిసే కదా పొద్దున్నుంచి పొయ్యి చుట్టూ తిరుగుతాం. అంతమందికి తెలిసిన రహస్యం ఒక్కడికే తెలియకపోవడం ఎంత కమ్మగా ఉంటుందో ఆ ఒక్కడూ నేనే కాబట్టి చెబుతున్నాను.

భువనగిరిలో ఆడినప్పుడు మా అమ్మీ వచ్చింది. నన్ను కొట్టే సీన్లో ఏడుస్తుందేమోనని నాకు లోపల దిగులు. కడుపు తరుక్కుపోయి స్టేజీ ఎక్కినా ఎక్కుతుంది. భీమన్న ముట్టుకోగానే నేను గిరికీలు కొడుతూ, తలకిందులుగా ఉండి జనంలో ఆమె కోసం వెతికాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

ఇంటికొచ్చాక అలిగాను. "కన్నకొడుకును కొడుతుంటే చప్పట్లా అమ్మీ?"

"నేనేం జేతురా? నువ్వు గంత బలుపు మాటలు మాట్లాడినంక నాకే కొట్టబుద్ధయింది" అంది.

మీకెవరైనా మీ నటన బాగుందని చెబితే నమ్మకండి. మీ అమ్మకు కొట్టబుద్ధయిందా లేదా, అది అడగండి.

తువ్వాల మడత

లింగన్నకు ఆయాసం కదా. పాట పాడి వెంటనే కొట్లాట సీన్లోకి దిగితే ఊపిరి అందేది కాదు. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను సవాలు విసరగానే భుజం మీది తువ్వాల తీసేవాడు. దులిపేవాడు. అంచుకు అంచు కలిపి మడత పెట్టేవాడు. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టేవాడు. అదంతా ఊపిరి తీసుకోవడానికి.

జనానికి ఆ సంగతి తెలియదు. వాళ్లకు కనిపించింది వేరే. ఒక పక్క దొర కత్తి తిప్పుతూ చిందులేస్తుంటే, ఇంకో పక్క ఒక మనిషి చాకలి ఇస్త్రీ చేసినంత నిదానంగా తువ్వాల మడుస్తున్నాడు. కొన్ని ఆటలకే ఆ మడత సంగతి ఊళ్లలో పాకింది. తువ్వాల మీద చెయ్యి పడగానే ఈలలు. మొదటి మడతకు "ఓ!" అని ఒక కేక. రెండో మడతకు ఇంకా పెద్ద కేక. లింగన్న ఊపిరి సర్దుకుని నా వైపు తిరిగేసరికి పందిరి ఊగేది. ఇక కొట్టినా కొట్టకపోయినా ఒకటే అన్నట్టుండేది.

బలం ఉన్నవాడికి తొందర ఉండదు. తొందర మనలాంటి వాళ్లది. బస్సు పోతుందని, వాన పోతుందని, రేషన్ అయిపోతుందని పరుగెత్తే వాళ్లకు, ఎదురుగా కత్తి ఉన్నా మడత సరిచేసుకునే మనిషి కనిపిస్తే కళ్లకు చల్లగా ఉంటుంది.

ఇంకో ముచ్చట. ఒక ఎండాకాలం లింగన్నకు జబ్బు ఎక్కువై దవాఖానలో చేరితే, అక్క ఒక నిజమైన పహిల్వాన్‌ను తెచ్చింది. తాలింఖానాలో కుస్తీ పట్టి పెంచిన కండలు. నన్ను నిజంగానే ఎత్తాడు. పైన తిప్పుతుంటే మొదట నాక్కూడా సంబరమైంది, ఎగిరే కష్టం తప్పిందని. కానీ ఆయనకు కొట్టడమంటే ఇష్టం. కొట్టి, జనం వైపు తిరిగి తొడ చరిచి, మళ్లీ వచ్చి కొట్టేవాడు. పడ్డవాణ్ని కూడా కొట్టేవాడు. కాసేపటికి జనం చల్లబడ్డారు. తర్వాత ఎవరో, "పాపం రా దొర" అన్నారు. ఇంకాసేపటికి, "ఇడిచిపెట్టురాదు ఇగ!" అని అరిచారు. ఆ రోజు నాకు చప్పట్లు వచ్చాయి. నేను కుంటుకుంటూ పోతుంటే!

లింగన్న నన్ను కొట్టేటప్పుడు మొహంలో కొంచెం విసుగు, కొంచెం జాలి ఉండేవి, పంటచేలో పడ్డ బర్రెను అదిలించినట్టు. అది తెలియని వాడు ఎంత బలవంతుడైనా వాడికి విలన్ వేషమే ఇవ్వాలి. అక్క చివరికి అదే చేసింది, నా పక్కన దొర బామ్మర్దిని చేసింది వాణ్ని.

భీమన్నకు చేతకాని పని కూడా ఒకటి పెట్టింది అక్క. గుండ్లెత్తే మనిషి తన తల్లి చెప్పిందని కోడిని గంప కింద పెట్టాలి. అది దొరకదు. నిజం కోడినే వదిలేవాళ్లం. లింగన్న దాని వెంట, తల్లి వేషం వేసినామె చీపురు పట్టుకుని ఆయన వెంట. "కొండలు లేపుతవు గని కోడిని పట్టరాదా?" అని ఆమె తిట్టే తిట్లకు ఊళ్లలో తల్లులందరూ మురిసిపోయేవారు. కోడి ఒకసారి హార్మోనియం మెట్ల మీద నడిచింది. అక్క కంటే బాగా వాయించిందని నేను అన్నందుకు చెప్పు వచ్చి తగిలింది.

భీమన్న కూలబడ్డ సాయంత్రం

తొంభైల్లోకి వచ్చేసరికి ఇంటింటికీ కాకపోయినా వాడవాడకూ టీవీ వచ్చింది. మా ఆటలకు జనం పలచబడ్డారు. బాలమణక్క తెగ ఆలోచించి, ఒకరోజు అందరినీ కూర్చోబెట్టింది.

"టీవీల వీరులు ఏడుస్తున్నరు. మన భీమన్న గూడ ఒకపారి ఓడిపోవాలె. శాపం తగిలి బలం పోవాలె. దొర కట్టేసి తంతడు. ఆట సగం గదే. చివరికి బలం తిరిగొస్తది. జనం కండ్లల్ల నీళ్లు రావాలె."

లింగన్న తువ్వాల తీసి మడవసాగాడు. నాకు మాత్రం లోపల గంతులు. ఒక్కసారైనా నేను గెలుస్తాను కదా! కొత్త అంగరఖా కుట్టించుకున్నాను. భుజాల మీది నుంచి నేల దాకా జీరాడే పెద్ద శాలువా కూడా పెట్టించుకున్నాను. ఈ ఆటకు కూడా జనం రాకపోతే సామాను అమ్మేసి ఎవరి ఇంటికి వాళ్లం పోదామని అక్క ముందే చెప్పింది.

అలంపూర్‌లో జాతర రోజులు. పొద్దుగూకుతుండగా ఆట మొదలుపెట్టాం. కాలువ పని నుంచి, రోడ్డు పని నుంచి వచ్చిన కూలీలు గుంపులు గుంపులుగా కూర్చున్నారు. మునుపటిలా జనం కనిపించేసరికి అందరికీ హుషారు వచ్చింది.

శాపం తగిలింది. భీమన్న కూలబడ్డాడు. నేను కట్టేసి తన్నాను. ఛాతీ మీద కాలు పెట్టి మీసం దువ్వాను. చప్పుడు లేదు. ఇదే కన్నీళ్లు కాబోలనుకుని ఇంకోసారి తన్నాను. అప్పుడు మధ్యలోంచి ఒకామె లేచింది. చేతుల నిండా కంకర దుమ్ము.

"ఓ హార్మోనియం అమ్మా!" అని పిలిచింది. "ఏందిది?"

అక్క వాయించడం ఆపింది.

"ఓడిపోయెటోళ్లను చూడనీకె గింత దూరం నడిచొచ్చినమా? గది మా ఇంట్ల రోజూ ఉన్నదే. లేపు ఆయన్ని!"

"లేపు! లేపు!" అని అంతా అందుకున్నారు. నా మీదికి చెప్పులు కూడా వచ్చాయి. అలవాటున్నవాణ్ని కాబట్టి తప్పించుకున్నాను.

బాలమణక్క గొప్పతనం చూడండి. రాత్రింబవళ్లు కూర్చుని రాసిన కొత్త నాటకాన్ని ఆ క్షణంలో వదిలేసింది. శాపం లేదు, గీపం లేదు. భీమన్న ప్రవేశానికి వాయించే పాత పాట ఎత్తుకుంది. జనం ఈలలు వేశారు. కానీ లింగన్న లేవలేదు.

వంగి, కట్లు వదులు చేస్తూ చూశాను. పెదాలు నల్లబడుతున్నాయి. జాతర దుమ్ముకు ఆయాసం కమ్ముకుంది. "దమ్ము అందుతలేదు భాయ్" అన్నాడు. నేను తెర దించమని సైగ చేయబోతే నా కాలు పట్టుకున్నాడు. "వద్దు. జర... జరసేపు" అన్నాడు.

లేచి నిలబడి, శాలువా రెండు చేతులతో రెక్కల్లా బార్లా చాపి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. అక్కకు అర్థమైంది. మాత్ర, వేడి నీళ్ల చెంబు పట్టుకుని స్టేజీ మీద దోగాడుతూ నా శాలువా వెనక్కు వచ్చింది. ఇక నేను చేయాల్సింది ఒకటే, మాట్లాడటం.

మాట్లాడాను. తుంగభద్ర నా స్నానాల తొట్టి అన్నాను. నల్లమల నా పెరడు అన్నాను. "భీమన్న లేస్తడా? ఆయన తాత లేస్తడా?" అన్నాను. జనం తిట్టారు. నేను ఒక్కొక్క తిట్టుకూ జవాబిచ్చాను. ఆ కంకర దుమ్ము ఆమె, "నీ మొహం మండ, జర వెన్కకు తిరిగి చూడురా!" అంది. "నా వెన్కల ఎవరున్నరు? నా నీడే నాకు భయపడి ముందుకొచ్చింది!" అన్నాను. వెనక అక్క లింగన్న వీపు రాస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆయన ఊపిరిలోని ఈల మెల్లగా సన్నబడుతోంది. నోటికి వచ్చిన బలుపు మాటలన్నీ అయిపోయాయి. మా అబ్బా దుకాణంలో గాజుల పేర్లు కూడా నా బిరుదులుగా చదివాను.

అప్పుడు వీపు మీద ఏదో తగిలింది. జనం ఒక్కసారిగా గొంతులు చించుకున్నారు. తిరిగి చూస్తే లింగన్న నిలబడి ఉన్నాడు. తువ్వాల మడిచే ఓపిక కూడా లేదు. ఒక్క వేలు పైకెత్తి, నా ఛాతీ మీద ఆనించాడు. దాంట్లో బరువే లేదు, సీతాకోకచిలుక వాలినంత.

నేను ఎగిరాను.

అంతకు ముందెప్పుడూ అంత దూరం ఎగరలేదు, తర్వాతా ఎగరలేదు. స్టేజీ దాటి, ముందు వరస దాటి, పందిరి వెదురు బొంగుల్లో పడి, లేచి, గిరగిరా తిరిగి, మళ్లీ పడ్డాను. విరిగిన బొంగుతో పాటు దానికి కట్టిన తెర సగం ఊడి వచ్చింది. లింగన్న తల తిప్పి నా భటుల వైపు చూశాడు. వాళ్లకూ సంగతి అర్థమైంది. ఆయన ముట్టుకోకుండానే, చూపుకే వరసగా కూలిపోయారు. పహిల్వాన్ అందరికంటే బాగా పడ్డాడు. ఆ తర్వాత లింగన్న నిలబడలేక వెళ్లి నా సింహాసనం మీద కూర్చున్నాడు. అదీ కథలో భాగమే అనుకుని జనం స్టేజీ ఎక్కేశారు. డప్పులు వాళ్లే తెచ్చుకున్నారు. అక్క హార్మోనియం వాయిస్తూ నవ్వుతోందో ఏడుస్తోందో నాకిప్పటికీ తెలియదు.

కంపెనీ మరి కొన్నేళ్లు నడిచి, తొంభైలు ముగిసేలోపు మూతపడింది. దానికి నేను బాధపడను. ఏ ఆటైనా ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. లింగన్న నల్గొండలోనే ఉన్నాడు. మంచి మందులు వచ్చాయి, నాకంటే హాయిగా మెట్లెక్కుతున్నాడు. అక్క ఇంకా తిడుతూనే ఉంది.

ఆ ఆట మర్నాడు పొద్దున నేను తుంగభద్ర ఒడ్డున కూర్చుని, వాచిన భుజం నీళ్లలో తడుపుకుంటున్నాను. ఆ కంకర పని ఆమె పనికి పోతూ నన్ను గుర్తుపట్టి ఆగింది. మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"దెబ్బ గట్టిగనే తాకిందా బిడ్డా?"

"ఏంలేదమ్మా. అలవాటే."

"రాత్రి నిన్ను మస్తు తిట్టిన. మనసుల పెట్టుకోకు." అడగొచ్చో లేదో అన్నట్టు చూసింది. "ఇయ్యాల గూడ ఆట ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"మావోళ్లు ఇంకా మస్తుమంది ఉన్నరు, తోలుకొస్త." వెళ్లబోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఇయ్యాల గూడ నువ్వే ఓడిపోతవ్ గద? మాటియ్యి."

రొట్టె ఎడమ చేతిలోకి మార్చుకుని, ఆమె చేతిలో చెయ్యి వేశాను.